పోయినాక కూడా వచ్చినాడంట

నగర్తపేటలో చీరల కొంగులకు కుచ్చులు కట్టి బతికే అక్కయమ్మకు ఉగాది అయిన మూడో రోజున మొగుడు పోయాడు. వెంకటరమణప్పకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. సర్కారు ఆరోగ్య కార్డు పుణ్యాన వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

ఆషాఢంలో ఒక పొద్దున హరిణి అనే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆసుపత్రులు కార్డుల మీద నిజంగానే వైద్యం చేస్తున్నాయా అని తనిఖీ చేసే ఆఫీసులో ఉద్యోగం. చుట్టూ అంతా కన్నడమే అయిన ఆ పేటలో తెలుగు మాట వినబడగానే అక్కయమ్మ చాప పరిచి కూర్చోబెట్టింది. మీ ఆయనకు డయాలసిస్ సరిగ్గా చేస్తున్నారా అని హరిణి అడిగింది.

"మా ఆయన పోయి మూన్నెల్లాయ కదమ్మా."

హరిణి చేతిలోని ట్యాబ్ తెరిచి తేదీలు మరోసారి చూసుకుంది. ఆసుపత్రి రాసిన దాని ప్రకారం ఆయన మొన్న శుక్రవారం కూడా వచ్చాడని చెప్పింది.

కోపం రావలసిన చోట అక్కయమ్మకు ఇంకేదో వచ్చింది.

"శుక్రవారం ఎన్ని గంటలకు వచ్చినాడంట?"

"ఎనిమిదింటికి" అంది హరిణి, తానే తప్పు చేసినట్టు.

అవును, అదే ఆయన వేళ.

వచ్చినప్పుడల్లా రోగి ఫొటో పెడితేనే సర్కారు ఆసుపత్రికి డబ్బిస్తుంది. ఆసుపత్రివాళ్లు పాత ఫొటో ఒకటి పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి వాడారు. మనిషి ఆయనేనా అని హరిణి చూపించింది. మంచం మీద వెంకటరమణప్ప తల తలుపు వైపు తిప్పి నవ్వుతున్నాడు. డయాలసిస్ జరిగేటప్పుడు లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. తలుపు అద్దం అవతల నిలబడి, ఆకలేస్తోందా అని అక్కయమ్మ చేతులతో అడిగేది. ఆ నవ్వు ఆమె కోసమే. ఇంట్లో దండ వేసిన ఫొటోలో ఆయన నవ్వడు.

"ఇది నాకిస్తావామ్మా?"

"కేసులో సాక్ష్యం అమ్మా. నేను ఇవ్వకూడదు."

తరువాత హరిణి వాంగ్మూలం రాసుకుంది. ఆసుపత్రి రాసిన ఒక్కో తేదీ చదివింది. రాలేదు, రాలేదు అని అక్కయమ్మ చెబుతూ పోయింది. చెప్పిన ప్రతిసారీ వాకిట్లోకి వచ్చిన మనిషిని తానే వెనక్కి పంపేస్తున్నట్టనిపించింది. అబద్ధం ఆడాలని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆడలేదు. కింద కన్నడంలో సంతకం పెట్టింది.

దీపావళి లోపే ఆ ఆసుపత్రిని కార్డు పథకం నుంచి తీసేశారు. ఫొటో కోసం అర్జీ పెట్టుకోమని హరిణి చెబితే అక్కయమ్మ పెట్టుకుంది. కేసు ముగిశాకే ఇస్తామని జవాబు వచ్చింది. కేసు ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నెలకొకసారి పని మానుకుని ఆమె ఆ ఆఫీసుకు పోతుంది. కేసు సంగతి అడగదు. హరిణి ఆ ఫొటో ఉన్న ఫైలు తెరిచి కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి, తన పనిలో పడిపోతుంది.