మైనా కావలివాడు తెచ్చిన టేకు చేప

నూకాలమ్మ ఊఁ అంటే పెళ్ళి, ఊహూఁ అంటే లేదు. ప్రశాంతి తండ్రి కూతురి పెళ్ళి భారమంతా తన తల్లి నూకాలమ్మ నెత్తిన పెట్టి రైలు డ్యూటీకి చక్కా పోయాడు. అందుకే ప్రేమ్‌కుమార్ జగదల్‌పూర్ రైల్వే క్వార్టర్లో పీట మీద బుద్ధిగా కూర్చున్నాడు. కోంటాలో తండ్రి కొట్టు వదిలేసి, తోంగ్‌పాల్ అవతల అడవిలో కొండమైనా గూళ్ళకు కాపలా కాసేవాడికి మనవరాలినివ్వడమా అని ముసలావిడ ముందే ముఖం చిట్లించింది.

"మా మైనా మనిషి లెక్క మాట్లాడుద్ది మామ్మా. జత కట్టిందంటే సచ్చేదాకా ఇడవదు," అన్నాడు, ప్రశాంతి వైపు ఓ కన్నేసి.

"మాటలదేటుంది బాబూ. మా భీమిలి చిన్న టేకు సేప నోరిప్పదు, తోకముల్లుతోనే మర్యాద నేర్పుతాది. నీ మైనా గుడ్లెడతాది, మా టేకు పిల్లల్నే కంటాది. ఏదెక్కువ?"

"ఏంది మామ్మా, ముల్లున్నదాన్ని గొప్పంటరా?"

"ముల్లు లేని ఆడది ఏ ఇంట్లో ఉందేటి?"

తలుపు వెనక ప్రశాంతి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో ప్రేమ్‌కుమార్‌కు ధైర్యం వచ్చి, విశాఖ నుంచి కిరండూల్ రైల్లో తెప్పించిన ఐసుపెట్టెను ముందుకు జరిపాడు. లోపల చాటలా బల్లపరుపుగా ఉన్న టేకు చేప. సముద్రపు ఒడ్డు మనిషికి అంతకు మించిన లంచం లేదని అతగాడి గట్టి నమ్మకం.

నూకాలమ్మ మురిసిపోయి కత్తిపీట ముందేసుకుంది. కోస్తూ కోస్తూ ఆగిపోయింది. చేప కడుపులో రెండు పిల్లలు, తోకలు మడుచుకుని ఉన్నాయి.

"ఏడాదికి కనేదే ఒకటో రెండో. ఇప్పుడసలు కనపడతన్లేదని, వలకి పడినా భీమిలిలో మా పెద్దకొడుకు తిరిగి నీళ్ళలో ఒదిలేత్తన్నాడు. నువ్వు కొనితెచ్చావు," అంది.

ప్రేమ్‌కుమార్‌కు తల కొట్టేసినట్టయింది. పంజరంలో మైనా కనబడితే వీధంతా వినేలా ఉపన్యాసమిచ్చే మనిషాయె. సిగ్గుతో ఏడుపొచ్చినంత పనైంది.

"తెల్వక తెచ్చిన మామ్మా."

"మైనా పిల్లల్ని పట్టినోడూ అదే అంటాడు కదా. ఆడినేటి సేత్తారు మీరు?"

"ఊర్లో పంచాయితీ పెట్టి, ఆ గూటికే వాన్ని కాపలా పెడతరు. పిల్లలు ఎగిరేదాకా ఛుట్టీ లేదు."

ముసలావిడ ఆ పిల్లలను ఆకులో చుట్టి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, అతన్ని తీరిగ్గా ఎగాదిగా చూసింది.

"అయితే నీకూ అదే శిచ్చ. ఏడాదికో నెల మా పెద్దోడి పడవెక్కు. వల్లో పడ్డ టేకుల్ని నీ సేత్తోనే ఒదలాల. పరాయోణ్ణి ఆడు పడవ మీద కాలెట్టనివ్వడు. ఇంటి అల్లుడివై రా."