మొదటి దెబ్బ

ఉక్కు ఫ్యాక్టరీ రోలింగు మిల్లులో మోత భరించలేక అందరూ చెవుల్లో దూది కుక్కుకునేవారు. గురునాథరావు ఒక్కడే తీసేసేవాడు, ఒక పాట కోసం.

డెబ్బై మూడులో ఇంజనీరు శ్యామసుందర్ బొంబాయి నుంచి ఆ పాట రికార్డు తెచ్చాడు. అమెరికాలో నల్లజాతివాళ్ల బ్యాండు. ఆ బాణీని ఫంక్ అంటారని అతనే చెప్పాడు. తెలుగు సమాజం ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించే గురునాథరావుకు అందులోని మాటలు అర్థం కాలేదు. కాని తాళంలో మొదటి దెబ్బ మీద అందరూ కలిసి బరువు దించడం, తర్వాత ఒకడు ఆగడం, ఇంకొకడు పక్కకి జారుకోవడం, మళ్లీ అందరూ ఆ దెబ్బ దగ్గరికే వచ్చి చేరడం అర్థమైంది. నలుగురిలో ఉన్నా ఒంటరిగా ఉండే మనిషికి అలా కలిసే చోటొకటి ఉందని తెలియడమే ఓదార్పు.

మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె రోలర్ల మధ్య దూరినప్పుడల్లా అదే దెబ్బ పడేది. దాన్ని వినడానికే దూది తీసేవాడు.

"ఏటిరా, పిచ్చేటి నీకు? చెవుడొస్తే పెళ్లాం తిట్లు ఎవుడింతాడు?" అనేవాడు అదే ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించే గణపతిరావు.

"అదొక్కటే లాభంరా" అని ఇతను నవ్వేవాడు.

ఎనభై ఆరు నాటికి అతని చెవులకి కుక్కరు కూత పోయింది, పిట్టలు పోయాయి, కూతురు ఛాయ గొంతు పోయింది. కింది స్వరాలు ఆఖర్న పోతాయన్నాడు డాక్టరు. ఆ మాటను పట్టుకుని రికార్డు ముట్టకుండా బతికాడు. విననంత కాలం ఆ పాట ఉన్నట్టే.

ఆ సాయంత్రం ఛాయ సుపేలా బజారులో కొన్న సినిమా క్యాసెట్ పెట్టి, గణేశ్ పందిట్లో వెయ్యాల్సిన డాన్సు సాధన చేస్తోంది. ఉన్నట్టుండి వచ్చి అతని చెవి దగ్గర అరిచింది.

"పప్పా, మీ పాత రికార్డు! బిల్కుల్ వహీ బీట్, అచ్చం అదే దెబ్బ! చోరీ చేసేశారు!"

"చోరీ కాదే. నచ్చింది అలాగే అంటుకుంతది."

ఆమె పాదాల వంక చూశాడు. ఎవరూ నేర్పకుండానే బరువు మొదటి దెబ్బ మీద పడుతోంది. పాట అతని చెవుల అవసరం లేకుండానే నడుస్తోంది. అది తనను వదిలి ఆమెను చేరిందన్న అసూయతోనే బీరువా తెరిచి రికార్డు తీశాడు.

"పెట్టు."

ఛాయ క్యాసెట్ ఆపింది. అతను స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడింది. ఆగడం, జారడం, మళ్లీ దెబ్బ.

"అదే! ఏటీ తగ్గనేదు" అన్నాడు.

కళ్లు తెరిచాడు. ఛాయ ఇంకా సూది మీద దుమ్ము తుడుస్తోంది.

"పప్పా, ఇంకా పెట్టలేదు" అన్నాయి ఆమె పెదవులు.

తర్వాత పెట్టింది. మిల్లు లీవర్లు పట్టి మొద్దుబారిన అరచేతికి వట్టి వణుకు తగిలింది. దెబ్బ ఎక్కడుందో తేలలేదు.

"వినిపిస్తోందా?"

అతను ఆమె పాదం వంక చూశాడు. అది నేలను తాకినప్పుడల్లా తలూపాడు.

కాసేపటికి ఛాయకు తెలిసిపోయింది. పాదం ఆపేసింది. అతని తల కూడా ఆగిపోయింది. రికార్డు తిరుగుతూనే ఉంది.