నలభై మూడో బిళ్ళ

సాయంత్రం నాలుగు గంటలకు కొండ మీది పై బస తలుపు పక్క బోర్డు మీద మూడు నంబరు బిళ్ళలు వేలాడాలి. రెండే ఉన్నాయి. నాలుగూ పదికి వార్డెన్ వెనక గదిలోకి కేక వేసింది. నాలుగూ ఇరవైకి నలుగురు మనుషులు తాళ్ళు, స్ట్రెచరు తీసుకుని పొగమంచులోకి దిగారు. వాళ్ళు వెతకబోతున్న మనిషి అసలు లేనే లేడు. ఆ సంగతి ఆ బసలో ఇద్దరికే తెలుసు. వాళ్ళు వదినా మరదళ్ళు.

వదిన ఒక నూలు మిల్లులో టైమ్ కీపరు. పద్నాలుగేళ్ళుగా గేటు పక్క గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళకు ఇత్తడి టోకెన్లు ఇచ్చి, పోయేటప్పుడు తీసుకుంటుంది. సైరన్ ఆగగానే గేటు వేయించేస్తుంది కాబట్టి మిల్లులో అందరూ ఆమెను గంటక్క అంటారు. మరదలు ఆమె భర్తకు చెల్లెలు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రెండేళ్ళు సాయంకాలం క్లాసులకు వెళ్ళి, ఇప్పుడు తిరుగుతున్న ఈ పరాయి దేశపు భాష నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది వాడుకోవాలనే ఈ ప్రయాణం. గంటక్క భర్త రాలేదు. ఆయనకు ప్రయాణమంటే బస్టాండు దాకా వచ్చి వీళ్ళను ఎక్కించి పోవడమే.

చెరో తొమ్మిది కిలోల సంచి వీపుకు తగిలించుకుని పదకొండు రోజులు తిరిగారు. మొదటి నగరంలో ఎనిమిది మంచాల గదిలో దిగారు. మంచం కమ్మీలకు మేజోళ్ళు ఆరేశారు. రెండో నగరంలో రెండుసార్లు దారి తప్పారు. చెప్పులు కుట్టేవాడి చేత తెగిన సంచి పట్టీ కుట్టించుకున్నారు. పన్నెండో రోజు పొద్దున ఆరున్నరకు కొండ కింద బస్సు దిగారు.

కొండ దారి మొదట్లో గేటు, గేటు పక్కన కిటికీ, కిటికీలో గుమాస్తా. పైకి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఇస్తారు. పై బస చేరాక దాన్ని బోర్డుకు తగిలించాలి. సాయంత్రం నాలుగుకు కింద ఇచ్చినన్ని బిళ్ళలు పైన లేకపోతే వెతకడానికి మనుషులు బయలుదేరతారు. ఈ పద్ధతి మరదలు చదివి చెప్పగానే గంటక్కకు ప్రాణం లేచొచ్చింది.

"మా మిల్లే!" అంది.

"మిల్లే గానీ, చిక్కొకటుంది వదినా. ముగ్గురికి తక్కువైతే పంపరట. ఒకరికి కాలు విరిగితే ఒకరు పక్కనుండాలి, ఒకరు కిందికి పరిగెత్తాలి. అదీ లెక్క."

"మూడోవాళ్ళు ఎవరైనా వస్తారేమో చూద్దాం."

గంటసేపు బెంచీ మీద కూర్చున్నారు. ఎవరూ రాలేదు. చలికాలం వస్తోంది, రేపట్నుంచి ఆర్నెల్లు దారి మూసేస్తున్నారు. కిటికీ అద్దానికి ఆ నోటీసు అంటించి ఉంది. గంటక్క లేచి వెళ్ళి ఫారం అందుకుంది.

మిల్లులో ఇది ఎరగని పని కాదు. ఒకరికి జ్వరం వస్తే వాళ్ళ టోకెను కూడా పక్కవాళ్ళే తీసుకుని లోపల తగిలిస్తారు. గంటక్క చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. మూడో గడిలో మరదలి చేత నోటికొచ్చిన మగపేరు రాయించింది. సంబంధం: మేనమామ. వయసు: యాభై ఎనిమిది. గుర్తులు: ఎడమ కాలు కొంచెం కుంటు. దుస్తులు: చెవులు కప్పే గోధుమరంగు టోపీ.

గంటక్కకు మేనమామలు లేరు. ఆమె తల్లికి తోడబుట్టినవాళ్ళే లేరు.

"అంత వివరంగా ఎందుకు వదినా?"

"దొంగ హాజరు వేసేటప్పుడు ఖాళీ వదలకూడదే. ఖాళీ ఉంటేనే ప్రశ్నలు పుడతాయి."

"పాపం, కాలెందుకు విరగ్గొట్టావు?"

"కుంటివాడైతేనే కదా వెనకబడ్డాడంటే నమ్ముతారు."

మూడోవాడేడని గుమాస్తా అడిగాడు. బూటు లేసులు కొనుక్కుంటున్నాడు, వెనకే వస్తాడని మరదలు చెప్పింది. గుమాస్తా మూడు బిళ్ళలు ఇచ్చాడు. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. పై బసకు ఫోన్ చేసి ముగ్గురని చెప్పాడు. గంటక్క మూడింటినీ సంచి పక్క జేబులో వేసి జిప్పు లాగింది. అప్పుడు టైము ఏడూ నలభై.

మొదటి గంటంతా మామయ్య మీద జోకులే.

"వదినా, మీ మామయ్య ఏమన్నా తిన్నాడా?"

"వాడికి ఆకలుండదు. పోషించడానికి అంతకంటే మంచి చుట్టం దొరకడు."

"పెళ్ళయిందా?"

"కుంటికాలని ఎవరూ ఇవ్వలేదు. నీకేమన్నా చూడమంటావా?"

"మీ వైపు సంబంధాలు మాకొద్దమ్మా. అన్నయ్య పడుతున్నది చాలు."

పదిన్నరకు టీ కొట్టం చేరారు. నాలుగు కర్రలు, ఒక రేకు, ఒక స్టవ్వు. టీ అమ్మే ముసలామె వీళ్ళను చూసి, వీళ్ళ వెనక దారివైపు చూసి, మూడు కప్పులు పెట్టింది. ఇద్దరమేనని మరదలు చెప్పబోతే గంటక్క మోచేత్తో పొడిచింది. కింద ముగ్గురని రాసి ఇక్కడ ఇద్దరని చెప్తే మాట పైకి పోతుంది. ఇద్దరూ కొట్టం వెనక్కి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చారు. వచ్చేసరికి మూడో కప్పు ఖాళీగా ఉంది.

"ఎప్పుడు తాగేశావే?" అంది గంటక్క.

"నేనా? నువ్వేననుకున్నా."

ముసలామె స్టవ్వు తుడుచుకుంటోంది.

పన్నెండూ నలభైకి గ్యాస్ సిలిండరు వీపున కట్టుకున్న కూలీ ఒకడు కింద నుంచి వచ్చి వీళ్ళను దాటాడు. దాటుతూ ఆగి, మరదలితో రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏమంటాడు?"

"మీ పెద్దాయన కింద మలుపులో రాయి మీద కూర్చున్నాడు, వాన పడేలా ఉంది, వదిలేసి పోకండి అంటున్నాడు."

"మన ఇద్దరికే కాదుగా దారి. ఎవరో అయ్యుంటారు."

"గేటు దగ్గర మన తర్వాత ఎవరూ లేరు వదినా."

"అయితే వెళ్ళి కాళ్ళు పిసికి రా" అంది గంటక్క. మరదలు నవ్వలేదు. ఆ తర్వాత మామయ్య ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

రెండింటికి చెక్కల వంతెన దాటారు. తాళ్ళ మీద వేలాడే వంతెన, మనిషి నడిస్తే ఊగుతుంది. ముందు మరదలు, తర్వాత గంటక్క దాటారు. గంటక్క అవతల గట్టున సంచి దించి చూస్తూ నిలబడింది. ఊగుతున్న వంతెన నెమ్మదించి ఆగింది. గాలి లేదు. కింద పొగమంచు వంతెన సగం దాకా కమ్మింది. వంతెన మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. ఒక ఊపు పెద్దది, ఒక ఊపు చిన్నది.

"పద" అంది గంటక్క.

మూడూ పదికి పై బస చేరారు. రాతి గోడలు, ఒకే పొడుగాటి గది, పన్నెండు మంచాలు, మధ్యలో ఇనప పొయ్యి. గంటక్క జిప్పు తీసి చెయ్యి పెట్టింది. నలభై ఒకటి వచ్చింది. నలభై రెండు వచ్చింది. ఇంకేం లేదు. జేబుకు చిరుగు లేదు. జిప్పు దారిలో ఒక్కసారీ తీయలేదు.

మూడో మనిషి ఏడని వార్డెన్ అడిగింది. వెనక వస్తున్నాడని మరదలు చెప్పింది. బిళ్ళ దొరికితే ఎవరూ చూడకుండా తగిలించేయొచ్చని గంటక్క ఆలోచన. రెండు సంచులూ మంచం మీద బోర్లించారు. మేజోళ్ళ ముడతలు విప్పి చూశారు. సబ్బుపెట్టె తెరిచి చూశారు. నాలుగైంది.

"చెప్పేద్దాం వదినా."

"ఆగు."

బోర్డు పక్కన నిబంధనలు రాసి ఉన్నాయి. తప్పుడు వివరాలు ఇస్తే పాస్‌పోర్టులు పోలీసులకు అప్పగిస్తారని మరదలు చదివి చెప్పింది. గంటక్క కళ్ళు అక్కడే ఉన్నాయి. పద్నాలుగేళ్ళు గేటు కాసిన మనిషి దొంగ హాజరు వేసి పట్టుబడటం ఏమిటి? మిల్లులో తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఆ గదిలో కూర్చుంటుంది? ఆ పది నిమిషాలూ అలా పోయాయి. నలుగురు మనుషులు దిగిపోయారు.

వాళ్ళలో చివరివాడు వార్డెన్ భర్త. గడప దాటేముందు ఆమె అతని మెడ దగ్గర జిప్పు పైకి లాగింది. వంతెన అవతల పోయిన వారం రాళ్ళు జారాయనీ, మంచు మొదలైతే అక్కడ కాలు ఆనదనీ ఆమె తనలో తాను అన్నట్టు చెప్పింది. మరదలు ఆ మాటను తెలుగు చేసి చెప్పింది. ఐదు గంటలకు కిటికీ అవతల మంచు పడటం మొదలైంది. వార్డెన్ పొయ్యి మీద కుండ పెట్టి ఏడు గిన్నెలు వరసగా పేర్చింది. నలుగురికి నాలుగు, వీళ్ళకు రెండు, ఇంకొకటి.

ఐదూ ఐదుకు గంటక్క లేచింది.

"చెప్పెయ్యవే. లేని మనిషి కోసం ఉన్న నలుగురు పోతారు. పాస్‌పోర్టులు పోతే పోనీ."

మరదలు చెప్పింది. అలాంటి మనిషి లేడు, మేమే కల్పించి రాశాం, వాళ్ళను వెనక్కి పిలవండి. వార్డెన్ గరిటె పక్కన పెట్టింది. గోడకున్న వాకీటాకీ తీసి మాట్లాడింది. గరగర వచ్చింది. మళ్ళీ మాట్లాడింది. ఈసారి అటునుంచి మగగొంతు జవాబిచ్చింది. వార్డెన్ మరదలి మొహంలోకి చూస్తూ విన్నది.

"ఏమంటున్నారే?"

మరదలు మంచం పట్టె మీద కూర్చుంది.

"దొరికాడట వదినా."

"ఎవరు?"

"వంతెన దగ్గర. ఎడమ కాలు కుంటుతున్నాడట. చెవుల టోపీ ఉందట. చేతిలో బిళ్ళ ఉందట."

"ఏ నంబరు?"

మరదలు అడిగింది. వార్డెన్ వాకీటాకీలో అడిగింది. జవాబు వచ్చింది. ఈ దేశపు భాషలో అంకెలు గంటక్కకు పదకొండు రోజుల్లో వచ్చేశాయి. నలభై మూడు.

వార్డెన్ వాకీటాకీ గంటక్క చేతికిచ్చింది. ఆయన భాష మావాళ్ళకు అర్థం కావడం లేదు, మీరే మాట్లాడండి అంది. గంటక్క దాన్ని చెవికి ఆనించుకుంది. గాలి హోరు, ఎవరో రొప్పడం. తర్వాత ఒక పెద్దాయన గొంతు, తెలుగులో:

"అమ్మాయ్, కుంటికాలు రాసింది నువ్వే కదా. కాస్త మెల్లగా నడవొద్దూ?"

గంటక్క దాన్ని చెవి నుంచి దూరంగా పట్టుకుంది. వాకీటాకీ మరదలు తీసుకుని వార్డెన్‌కు ఇచ్చింది.

ఆరూ ఇరవై ఐదుకు కిటికీలోంచి టార్చి వెలుగు కనిపించింది. గంటక్క అద్దం తుడిచి లెక్కపెట్టింది. గుంపు గేటులోకి వస్తుంటే తలలు లెక్కపెట్టడం ఆమె పని. ఐదు. మళ్ళీ లెక్కపెట్టింది. ఐదు. స్ట్రెచరు మడిచి ఒకడి భుజాన ఉంది. అందరూ నడిచే వస్తున్నారు. ముందు వార్డెన్ భర్త ఉన్నాడు. చివరివాడు మిగతావాళ్ళకు నాలుగడుగులు వెనకున్నాడు. టోపీ చెవుల దాకా దించి ఉంది.

వార్డెన్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచింది. మరదలితో నిదానంగా, మాట మాట విడదీసి చెప్పింది.

"ఏమే?"

"పొద్దున మీరు ముగ్గురన్నారు, ఇప్పుడు ఇద్దరంటున్నారు, నాకు రెండూ వద్దంటోంది. ఆయన మీ మనిషైతే గుర్తుపట్టానని సంతకం పెట్టి లోపలికి తీసుకోమంటోంది. కాదంటే ఊరూ పేరూ లేని మనిషిని అందరూ పడుకునే గదిలోకి రానివ్వరట. పొద్దున పోలీసులు వచ్చేదాకా బయట కట్టెల కొట్టంలో ఉంచుతారట."

"కొట్టానికి తలుపుందా?"

మరదలు అడిగింది. "లేదట."

బయట మంచు అప్పటికి మడమ లోతు ఉంది. మెట్ల మీద బూట్ల మంచు దులిపే చప్పుడు నాలుగుసార్లు వినిపించింది. ఆగింది. తర్వాత ఒక బూటు గట్టిగా, ఒక బూటు మెత్తగా.

"వదినా, వద్దు. మనవాడు కాడు వదినా."

"మరెవరివాడే?" అంది గంటక్క. "రాసింది నేను."

ఆమె కలం తీసుకుని, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించమంది. వార్డెన్ చూపించింది. పద్నాలుగేళ్ళుగా రోజూ పెట్టే సంతకమే పెట్టింది. పక్కన టైము వేసింది. వార్డెన్ వెళ్ళి తలుపు తీసింది.

ఆరూ నలభైకి రిజిస్టరులో ఆ రోజు లెక్క ముగించారు. కింద నుంచి బయలుదేరినవారు ముగ్గురు, పైకి చేరినవారు ముగ్గురు. నలభై మూడో బిళ్ళ మూడో మేకుకు వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్ళు గడప మీదికి కారుతున్నాయి. పొయ్యి దగ్గర ఏడు గిన్నెలూ ఖాళీ అయ్యాయి.