చుక్కాని ఎవరిది

దీపిక, ఆమె స్నేహితురాలు మెహ్రీన్ కలిసి బాన్సువాడలో ఆడవాళ్లకు కారు నేర్పే స్కూలు పెడుతున్నారు. కారు కొన్నదీ, బస్టాండు వెనక గది కిరాయికి మాట్లాడుకున్నదీ వాళ్లిద్దరే. తన వంతుగా ఏదో ఒకటి చెయ్యకపోతే బాగుండదని దీపిక తండ్రి సాంబమూర్తి పేరు పెట్టే పని నెత్తికెత్తుకున్నాడు. పొలం గట్ల మీద తిరిగి తిరిగి 'చుక్కాని' అని తేల్చాడు.

ఆ మాటంటే ఆయనకు గర్వం. తాత ఆదిశేషయ్య గోదావరి వైపు కాలువల్లో పడవ నడిపిన సరంగు. నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని ఇటు వచ్చి, నస్రుల్లాబాద్ దగ్గర వరి పొలం చేసుకున్నాడు. సాంబమూర్తి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఒక్కసారైనా పడవ ఎక్కింది లేదు. అయినా పడవల ముచ్చట వస్తే పొద్దున్నే గట్టున దిగి వచ్చినట్టు చెబుతాడు.

బోర్డు సంగతి మాట్లాడడానికి అందరూ మెహ్రీన్ వాళ్ల ఇంట్లో చేరారు. చాయ్ తాగుతూ సాంబమూర్తి అర్థం వివరించాడు. రాత్రిపూట చుక్కల్ని చూసుకుంటూ పడవను తిప్పుతారట, అందుకని చుక్కాని అట. అచ్చ తెలుగు మాట అని ముక్తాయించాడు.

"పగలు పడవలు నడవవా మరి?" అని ఆయన భార్య శాంతకుమారి అమాయకంగా అడిగింది.

మెహ్రీన్ తండ్రి ఆబిద్ గొంతు సవరించుకున్నాడు. బట్టల దుకాణం పెట్టకముందు ఆయన కువైట్‌లో చేపల పడవల మీద పనిచేశాడు. అక్కడ అరబ్బులు దాన్ని 'సుక్కాన్' అంటారని, వాళ్ల ఓడల వెంట ఆ మాట మన రేవులకు వచ్చి చుక్కాని అయిందని చెప్పాడు. సాంబమూర్తి ఒప్పుకోలేదు. సరంగైన మా తాతకు తెలియదా అన్నాడు. సరంగు ఫార్సీ మాట అన్నాడు ఆబిద్. లంగరు కూడా అంతేనన్నాడు.

"ఇగ మీ తాత పడవ మీద తెలుగు మాట ఏం మిగిలిందన్నా?"

సాంబమూర్తి కాసేపు ఆలోచించి, "పడవ" అన్నాడు.

అందరూ నవ్వారు, ఆయన తప్ప.

ఇంటికి వెళ్లి, రాజమండ్రిలో తెలుగు మాస్టారుగా చేసిన బావమరిది రాజాబాబుకు ఫోన్ చేశాడు. ఆయన రెండ్రోజులు గడువు అడిగి, ఆబిద్ చెప్పిందే నిజమన్నాడు. ఆ పూట సాంబమూర్తికి అన్నం సహించలేదు. చుక్కల్ని కూడా అడిగి చూడమంది శాంతకుమారి, పెరుగు వడ్డిస్తూ.

ఆమె నవ్వులాటకే అంది గానీ, ఆయన మనసు నిజంగానే చివుక్కుమంది. మార్కెట్ యార్డులో ఇప్పటికీ ఆయన్ని వలస వచ్చినోళ్ల మూర్తి అంటారు. తాత ఊళ్లో చూస్తే ఆయన్ని ఎరిగినవాళ్లే లేరు. అక్కణ్నుంచి తెచ్చుకున్నదని చెప్పుకోవడానికి ఆ మాట ఒక్కటి ఉందనుకున్నాడు. అదీ ఎవరిదో అయిపోయింది.

మర్నాడు తనే ఆబిద్ ఇంటికి వెళ్లాడు. నువ్వు చెప్పిందే నిజం, పేరు మార్చేద్దాం అన్నాడు. ఆబిద్ గెలిచినట్టు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక మాట చెప్పుడు మర్చిన అన్నా. కువైట్ల మేం కిరాయికున్న బిల్డింగ్ గోడ మీద సుక్కాన్ అని రాసి ఉంటుండె. పడవ లేదు, నీళ్లు లేవు, గిదేందని అడిగిన. ఈడ ఉండేటోళ్లు అని అర్థమట. రెంటికీ అదే మాట."

"అయితే?"

"అన్నేండ్లు ఉన్నా నన్ను ఆ మాట ఎవ్వలనలే. మీరు మూడు తరాల సంది ఈడనే ఉంటిరి. సుక్కాన్ మీరు గాకపోతే ఇంకెవలన్నా?"

లోపల్నుంచి ఆబిద్ తల్లి బషీరున్నిసా వచ్చి, సుకూన్ కూడా సుక్కాన్‌కు చుట్టమేనంది. సుకూన్ అంటే నెమ్మది, మనశ్శాంతి.

"మా ఆబిద్ నోరు మూస్తే, నాకు సుకూన్" అని, సాంబమూర్తి చేతికి చాయ్ ఇచ్చింది. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

పేరు మార్చలేదు. తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు రాయించారు. సాంబమూర్తి రోజంతా పెయింటరు వెనకే నిలబడి, 'క్క' ఒత్తు సరిగ్గా పడేదాకా కదల్లేదు. మొదటగా చేరింది శాంతకుమారే. నెల తిరక్కుండా నస్రుల్లాబాద్ దాకా తనే నడుపుకుంటూ వెళ్లింది. భర్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, దారి పొడుగునా మాట్లాడొద్దంది.

స్కూలు బాగానే నడుస్తోంది. ఊళ్లో మాత్రం ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. ఆడోళ్ల స్కూలు అంటారు, లేకపోతే మెహ్రీన్ బండి అంటారు. అందుకని సాంబమూర్తి పొలం పని లేనప్పుడల్లా వచ్చి గది ముందు కూర్చుంటాడు. వచ్చినవాళ్లకు అరబ్బుల ఓడల దగ్గర మొదలుపెట్టి మొత్తం చెబుతాడు, ఇప్పుడు ఆ ముచ్చట తనే కనిపెట్టినట్టు.

మొన్న జుక్కల్ నుంచి నీల అనే అమ్మాయి వచ్చింది. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, మెహ్రీన్ వైపు తిరిగింది.

"అక్కా, స్టీరింగ్ కాడ కూసుండబెట్టేది ఎప్పుడు?"