పొగమంచు కింద ఊరు

మ్యూజియంలో బొమ్మల పక్కన గోడకు అతికించే వివరణలు రాయడం నా ఉద్యోగం. ఎవరూ చదవరని తెలిసినా ఒక్క కామా కూడా తప్పు పోనివ్వను. అదొక జబ్బు.

ఈసారి నా చేతికి వచ్చింది రెండు వందల ఏళ్లనాటి నీటిరంగుల చిత్రం. కొండలు, లోయ, లోయ నిండా పొగమంచు, ఓ మూల గొర్రెలు. కొండలూ మంచూ చూసి పరవశించిపోవడం ఆ రోజుల్లో పెద్దింటివాళ్ల ఫ్యాషన్. ఈ బొమ్మను డబ్బిచ్చి గీయించుకున్నది కూడా ఆ లోయ యజమానే.

నీటిరంగుల్లో తెలుపు పూయరు, కాగితాన్నే వదిలేస్తారు. ముందే వదలకపోతే, తర్వాత తడిపి రుద్ది రంగు లేపాలి. చిత్రాన్ని ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే, మంచు ఉన్నంత మేరా కాగితం నూగు లేచి ఉంది. దాని కింద లేత గీతలు: ఇంటికప్పులు, గొడ్లసావిడి, బావి. చిత్రకారుడు మొదట ఊరు గీశాడు. ఈలోగా యజమాని గొర్రెల మేత కోసం ఊరు ఖాళీ చేయించాడు. దాంతో చిత్రకారుడు బొమ్మలోనూ ఖాళీ చేశాడు. ఇద్దరికీ ప్రకృతి అంటే ప్రాణమట!

అదంతా రాశాను, కోపంగానే రాశాను. మ్యూజియం వెనక వీధిలో మా మేనమామ పటాలు కడతాడు. కింద కొట్టు, పైన ఇల్లు. మ్యూజియం కొత్త తోట కోసం ఆ వీధినంతా పడగొట్టబోతున్నారు. నా రాత చదివితే డైరెక్టరుగారికి కాస్తయినా గుచ్చుకుంటుందని, వీధి మిగులుతుందని ఆశపడ్డాను.

ఆయన చదివి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఒక్క మాట కూడా మార్చొద్దు. పాపం, ఎంత అన్యాయం జరిగిందండీ!" అన్నారు. దున్నపోతు మీద వాన అంటారు గానీ, ఈ దున్నపోతు కన్నీళ్లు కూడా పెట్టుకుంది. అదే నోటితో, "పక్క గోడకి మన రాబోయే తోట బొమ్మ పెడుతున్నాం. దానిక్కూడా రెండు వాక్యాలు రాసిపెట్టండి, చల్లగా, హాయిగా ఉండాలి" అన్నారు.

అదీ నీటిరంగులే. పచ్చిక, బెంచీలు, చెట్లు. దానికి పటం కట్టి తెచ్చింది మావయ్యే. గోడకు తగిలించి, వెనక్కి జరిగి చాలాసేపు చూశాడు.

"మన కొట్టు ఎక్కడొస్తుందే ఇందులో?"

ఒక చెట్టు చూపించాను.

"నీడ బాగానే వేశాడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. "నేను రాయను మావయ్యా. ఉద్యోగం ఊడితే ఊడనీ."

ఆయన సుత్తీ మేకులూ సంచిలో సర్దుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు: "రాసెయ్యవే తల్లీ. నీ ఉద్యోగం కూడా ఊడితే, వచ్చే నెల నుంచి నేనెవరింట్లో ఉండాలి?"