మధ్యాహ్నం పొట్లాలు

"తప్పు నాదే మేడమ్, క్షమించండి" అనేసింది ఆమె. ఎవరు కట్టారని మేడమ్ ఇంకా పూర్తిగా అడగనే లేదు.

ఆసుపత్రి మందుల గదిలో రోగుల పూటవారీ మాత్రలు పొట్లాలు కట్టడం ఆమె ఉద్యోగం. చేరి ఎనిమిది నెలలు. ఇవాళ మూడో అంతస్తు నుంచి నర్సు ఒక పొట్లం వెనక్కి పంపింది. అందులో బీపీ మాత్ర ఉండాల్సిన దానికి రెట్టింపు బలానిది పడింది. ఒకటి తప్పితే ఆ చేత్తో కట్టినవన్నీ విప్పి చూడాలని ఆ గదిలో నియమం. గది పెద్దను అందరూ చాటుగా మైకు మేడమ్ అంటారు. ఆవిడ గుసగుస కూడా వరండా చివరికి వినపడుతుంది మరి.

మేడమ్ ఆమె ట్రే ముందు కూర్చుని పొట్లాలు విప్పసాగింది.

ఆమె భర్తను వదిలి వచ్చేసి రెండేళ్లయింది. పదకొండేళ్ల కాపురంలో ఆమెకు బాగా అబ్బింది ఇదొక్కటే, అడక్కముందే ఒప్పేసుకోవడం. ఒప్పుకుంటే తొందరగా అయిపోయేది. కాదంటే సాగేది. "మా అక్క పూర్తిగా కోలుకుంది" అని చెల్లెలు కనపడిన వాళ్లందరికీ చెబుతుంది. చెల్లెలికేం, అక్క రెండు పూటలా తింటే చాలు, కోలుకున్నట్టే! ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు సిగ్గేస్తుంది, అబద్ధపు సర్టిఫికెట్ చేతిలో పట్టుకున్నట్టు.

బల్ల మీదున్న, నర్సు వెనక్కి పంపిన పొట్లం వైపు అప్పుడు చూసింది. అంచు ఒక్క మడతే ఉంది. ఆమె ఎప్పుడూ రెండు మడతలు వేస్తుంది. ఒక్క మడత వేసేది ఎదురు బల్ల దగ్గర పొట్లాలు కట్టే నిచ్చెన. నిచ్చెన అక్కర్లేకుండా పై అరలు అందుకునే పొడుగాయన కాబట్టి ఆ పేరు. ఆయన కట్టిన మధ్యాహ్నం పొట్లాలన్నీ బండిలో పైకి వెళ్లిపోయాయి. ఆయన కూడా బండితోనే వెళ్లాడు. పన్నెండుకు మాత్రలు వేస్తారు. గడియారం పావు తక్కువ పన్నెండు చూపిస్తోంది.

ఒప్పుకున్నాక మాట మార్చడమా! భర్త ఇంట్లో అంతకు మించిన నేరం లేదు. ఆమె తలుపెక్కడుందో, దానికి గొళ్లెం పడి ఉందో లేదో చూసుకుంది. పైన ఏ ముసలాయనో నీళ్ల గ్లాసు పట్టుకుని ఉంటాడు. మేడమ్ పదిహేడో పొట్లం విప్పుతోంది.

"మేడమ్... నేను కాదు."

"ఏంటీ?"

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "నేను చేయలేదు. మడత చూడండి. పైకెళ్లినవి ఆపించండి మేడమ్, ముందు అవి ఆపించండి!"

మేడమ్ మడత చూసింది, ఫోను లాక్కుంది. ఐదు నిమిషాల్లో నిచ్చెన బండితో సహా దిగొచ్చాడు. విప్పితే ఇంకో రెండు తప్పు పొట్లాలు తేలాయి. "అయ్యయ్యో, పక్క డబ్బాలోంచి తీశాను మేడమ్" అని నాలుక కరుచుకున్నాడు. మేడమ్ గది అదిరేలా తిట్టింది, పుస్తకంలో రాయించి సంతకం పెట్టించింది, ఆ తర్వాత "అన్నం తిన్నావా?" అని ఆయన్నే అడిగింది.

ఆమె ఇంకా చూస్తోంది. తిట్లయ్యాయి, అసలుది ఇప్పుడు మొదలవుతుందనుకుంది. నిచ్చెన చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లిపోయాడు.

"నువ్వు చేయనిదాన్ని చేశానని ఎందుకన్నావమ్మా? ఎంత ప్రమాదమో తెలుసా?"

"అలా అంటే తొందరగా అయిపోతుంది మేడమ్."

"ఏది అయిపోతుంది?"

పోలీసులు అడిగినప్పుడు జారిపడ్డానని చెప్పింది. చెల్లెలు అడిగినప్పుడు గొడవలని చెప్పింది. ఆ మాట ఇంతవరకూ ఆమె నోటి నుంచి రాలేదు.

"కొట్టడం" అంది.

అన్న మరుక్షణం తలుపు వైపు చూసింది, భర్త విన్నాడేమోనని.