ఆడోళ్ల గోల

"మా ఆమె ఏదో బటను నొక్కేసుంటాదిలేన్నా," అన్నాడు భానుచందర్ ఫోన్లో. పెనం మీద దోసె తిప్పుతున్న ధరణి చెయ్యి ఆగిపోయింది.

ఫోన్ చేసింది వడమాలపేట మునిరామయ్య. ఆయన కూతురి పెళ్లి సీడీలో మంగళహారతి పాట వినిపించడం లేదట. పాడింది ఆయన తల్లి సిద్ధమ్మ. ఆ మనవరాలి పెళ్లి జరిగిన కొన్నాళ్లకే ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

పుత్తూరు బజారులో వీడియో షాపు భానుచందర్‌ది. పెళ్లిళ్లలో కెమెరా పట్టుకునేది అతనే. కంప్యూటర్ మాత్రం ఇంట్లోనే. "ఊరకే కూచోనుండేదే కదా, అదీ సూసుకో," అని అప్పగించాడు. బిడ్డను బడికి పంపి, అంట్లు తోమి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ధరణి ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ కత్తిరించి కూర్చేది. బాగుందని ఎవరైనా అంటే, "మా భాను పనితనం అట్లాంటిది," అని అత్త పంకజాక్షి మురిసిపోయేది. ఇన్నేళ్లలో ఆ పని భార్యదని భానుచందర్ ఒప్పుకున్నది ఈరోజే, తప్పు వచ్చినప్పుడు.

స్టవ్ ఆపేసి ధరణి కంప్యూటర్లో ఆ పెళ్లి పెట్టుకుని కూర్చుంది. ఎడమ స్పీకర్లో, పురోహితుడికి పెట్టిన మైకులోంచి మంత్రాలు గణగణమంటున్నాయి. కుడి స్పీకర్ మూగగా ఉంది. తీగలు అటూ ఇటూ మార్చి చూసింది. స్పీకర్ బాగానే ఉంది. పెళ్లి తీసిన అసలు టేపును కెమెరాలోనే వేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కుడి చెవిలో పెళ్లిజనం గోల! అంటే టేపులో ఉన్నది కంప్యూటర్లో పోయింది. రెండు వైపుల శబ్దాన్నీ విడదీసి చూస్తే, కుడివైపుది ఎవరో మొదటినుంచీ చివరిదాకా సున్నాకు దించేశారు.

ఎవరో ఏమిటి? సీడీ ఇచ్చే ముందు "నేనొకసారి సూస్తా లే" అని కూర్చున్నది భానుచందరే. "ఈ ఆడోళ్ల గోల ఎందుకే? మంత్రాలు ఇనపడితే సాలు," అన్నాడు కూడా. ఆమె అప్పుడు వంటింట్లో పప్పు ఎనుపుతోంది.

కుడివైపు శబ్దాన్ని పైకి లేపింది. గాజులు, నవ్వులు, "ఒసే, పళ్లెం యాడ పెట్టినావే?" అని ఒక కేక, వాటన్నిటి మధ్య వణుకుతూనే శ్రుతి తప్పని ఒక ముసలి గొంతు. ధరణికి కళ్లు చెమర్చాయి. మంత్రాలు తగ్గించి, ఆ గొంతును రెండువైపులకూ పరిచింది. నవ్వులు మాత్రం తీసేయలేదు.

"దొరికిందా? ఆడ పెట్టు. నేను సరిసేసినానని ఇచ్చొస్తా," అన్నాడు భానుచందర్.

"నేనే పోతా," అని కొత్త సీడీ సంచిలో వేసుకుని ధరణి బస్సెక్కింది.

మునిరామయ్య ఇంట్లో టీవీ ముందు మంచం మీద సిద్ధమ్మ ఉంది. పాట మొదలవగానే ఆమె పెదవులు మెల్లగా కదిలాయి, సరిగ్గా పాటతోబాటే. మునిరామయ్య తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

"భానుచందర్‌కు సెప్పమ్మా, మాయమ్మను మళ్లీ మాట్లాడించినాడని."

ఇట్లాంటప్పుడు ధరణి ఎప్పుడూ తలూపేది. ఈసారి ఊపలేదు.

"చేసింది నేనన్నా. ఇంతకుముందు చేసినవి కూడా నావే. ఇంక పనేదన్నా ఉంటే నాతోనే మాట్లాడండి."

సిద్ధమ్మ బాగున్న చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి భానుచందర్ గడపలోనే ఉన్నాడు. "ఏమన్నారే? నా పేరు సెప్పినావా?"

"చెప్పినా," అంది ధరణి చెప్పులు విడుస్తూ. "కెమెరా పట్టుకునింది మీరేనని."